విండో మేనేజర్ మాన్యువల్‌కు అన్వయం చెప్పుకోవడం ఎలా

లినక్స్ వంటి వ్యవస్థల్లో తెర మీది విండోల అమరికను, ప్రవర్తనను చూసుకునే ప్రోగ్రామును విండో మేనేజర్ అంటారు; మనం కీబోర్డుతో టైపు చేసేది ఏ విండోకు వెళ్తుందో ఆ విండోకు ఫోకస్ ఉందంటారు. ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్‌తో పాటు వచ్చే సెట్టింగుల ఫైలులో, ఫోకస్‌కు సంబంధించిన భాగంలో, అండర్ మౌస్ అనే సెట్టింగు ఒకటి ఉంటుంది. దాని పక్కన రాసిన వివరణను తెలుగులో చెప్పుకుంటే ఇంతే: మౌస్ కదలకపోయినా సరే, ఫోకస్‌ను మౌస్ కిందికి తెస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఈ వాక్యం అర్థమైనట్టే ఉంటుంది. రెండోసారి చదివితే అర్థం కాలేదని తెలుస్తుంది. మౌస్ కదలనప్పుడు ఫోకస్ ఎందుకు మారాలి? వివరణ రాసినవారికి ఆ కారణం ఎంతగా కళ్ల ముందే ఉందంటే, దాన్ని చెప్పాలని కూడా తోచలేదు. మౌస్ నిలిచి ఉన్నా దాని కింద ఉన్న విండోలు నిలిచి ఉండవు. పైనున్న విండోను మూసేస్తే దాని వెనక ఉన్నది మౌస్ కిందికి వస్తుంది. వర్క్‌స్పేస్ (విండోలను విడివిడిగా ఉంచుకునే తెరల్లో ఒకటి) మారిస్తే అదే చోట మరో విండో కనిపిస్తుంది. కొత్త విండో సరిగ్గా అక్కడే తెరుచుకోవచ్చు. కదిలేది మౌస్ కాదు, విండో అని తెలిసిన మరుక్షణం ఆ వాక్యంలో చిక్కేమీ మిగలదు.

పద్యాన్ని వచనం చేసుకునేటప్పుడు కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఏది అని వెతికి, కవి చెప్పకుండా వదిలేసిన పదాన్ని అధ్యాహారం చేసుకుని వాక్యాన్ని పూరించుకుంటాం. విండో మేనేజర్ల డాక్యుమెంటేషన్ చదవడానికి ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి నాకు దొరకలేదు. ఆ రాతలు అస్పష్టంగా ఉండడానికి కారణం సాధారణంగా రాసినవారి అజాగ్రత్త కాదు. ప్రోగ్రామును లోపలినుంచి చూసేవారు రాస్తారు, బయటినుంచి చూసేవారు చదువుతారు. లోపలున్నవారికి కర్త ఎప్పుడూ తెలిసే ఉంటుంది కాబట్టి వాక్యంలోంచి జారిపోతుంది.

కర్త ఎవరు, ఎప్పుడు, ఏ విండోకు?

అదే ఫైలులో ఆ వెంటనే వచ్చే ఫోకస్ డిలే అనే సెట్టింగు వివరణను దీనితో పోల్చి చూడండి. ఫాలో మౌస్ (మౌస్ వెళ్లిన విండోకే ఫోకస్ వెళ్లే పద్ధతి) ఆన్‌లో ఉన్నప్పుడు, మౌస్ ఒక విండో లోపల ఇన్ని మిల్లీసెకన్లు ఉంటేనే ఫోకస్ ఆ విండోకు వెళ్తుంది, వెయ్యి మిల్లీసెకన్లు ఒక సెకను అని అది చెబుతుంది. ముందుగా రాసి ఉన్న విలువ 200. ఏ షరతు మీద పనిచేస్తుందో, ఏ విండో గురించో, ఎంతసేపో, అంకెను ఏ కొలతలో రాయాలో, అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. అంటే మంచి వివరణ ఎలా ఉండాలో చూపే నమూనా అస్పష్టమైన వివరణకు పక్కనే దొరికింది. ఏ వివరణనైనా ఈ నమూనా పక్కన పెట్టి, అందులో ఉండి ఇందులో లేనిదేమిటో చూసుకోవాలి. లేనిదాన్ని ఒక ప్రశ్నగా కాగితం మీద రాసుకోవడం అలవాటైతే, 'ఏమీ అర్థం కావడం లేదు' అనే చిరాకు తగ్గి, 'ఇది కొత్త విండోలకు మాత్రమేనా, ఇప్పటికే తెరిచి ఉన్నవాటికి కూడానా' వంటి, జవాబు వెతకడానికి వీలైన ప్రశ్న చేతికి వస్తుంది.

షరతు లోపించడమే అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో ఆటో రెయిజ్ అనే సెట్టింగును ఆన్ చేసి, ఫోకస్ వచ్చిన విండో పైకి రావడం లేదని తల పట్టుకునేవారు ఉంటారు. ఫోకస్ మోడ్ స్లాపీ గాని మౌస్ గాని అయితేనే, అంటే క్లిక్ చేయకుండా మౌస్ వెంట ఫోకస్ వెళ్లే పద్ధతుల్లోనే, అది పనిచేస్తుంది. సాధారణంగా ఉండే క్లిక్ మోడ్‌లో ఆ సెట్టింగును ఎటు తిప్పినా మార్పేమీ కనిపించదు. గ్నోమ్ వివరణలో ఈ షరతును రాశారు గాని, సెట్టింగు పేరు చూసి ఊరుకునేవారికి అది కనబడదు. కాబట్టి ఒక సెట్టింగు మౌనంగా ఉంటే, అది పాడైందని అనుకునే ముందు, దానికి పై అధికారి లాంటి మరో సెట్టింగు ఉందేమో చూడాలి.

వివరణలో 'ప్రయత్నిస్తుంది', 'వీలైతే', 'సాధారణంగా' వంటి మాటలు కనిపించిన చోట కాస్త ఆగాలి. ఓపెన్‌బాక్స్‌లోనే ఫోకస్ న్యూ అనే సెట్టింగుకు, కొత్త విండోలు వచ్చినప్పుడు వాటికి ఫోకస్ ఇవ్వడానికి ఎప్పుడూ ప్రయత్నిస్తుంది, ఇతర నియమాలూ వర్తిస్తాయి అని వివరణ. 'ఎప్పుడూ' అన్న మాటను 'ప్రయత్నిస్తుంది' అన్న మాట కోసేసింది, మిగిలినదాన్ని 'ఇతర నియమాలు' కోసేశాయి. ఆ నియమాలేమిటో అక్కడ లేదు. మనం ఒక విండోలో టైపు చేస్తుండగా మరో ప్రోగ్రాము ఫోకస్ లాక్కోకుండా ఆపే ఏర్పాటు, ఒక్కో అప్లికేషన్‌కు విడిగా రాసిపెట్టిన నియమాలు ఇందులోకి వస్తాయి. ఇలాంటి వాక్యాన్ని హామీగా చదవకూడదు. ఇక్కడ మరికొన్ని సెట్టింగులు చెయ్యి పెడతాయి అనే హెచ్చరికగా చదవాలి.

దిశ కూడా తరచు తారుమారవుతుంది. ఐ3 అనే టైలింగ్ (విండోలను ఒకదాని మీద ఒకటి పడకుండా పలకల్లా పరిచే) విండో మేనేజర్‌లో ఫోకస్ ఫాలోస్ మౌస్ అనేది ఒకటి, మౌస్ వార్పింగ్ అనేది ఒకటి ఉన్నాయి. మొదటిదానిలో మనం మౌస్‌ను జరిపితే ఫోకస్ దాని వెంట వెళ్తుంది. రెండోదానిలో కీబోర్డుతో ఫోకస్‌ను మరో మానిటర్‌లోని విండోకు మారిస్తే మౌస్ బాణం తనంతట తాను అక్కడికి దూకుతుంది. ఎవరు ముందు నడుస్తారు, ఎవరు వెనక వస్తారు అన్నది తేలకపోతే, బాణం దూకడం నచ్చనివారు మొదటిదాన్ని ఆఫ్ చేసి కూర్చుంటారు.

ఒకే మాటకు పలుచోట్ల పలు అర్థాలు

విండో మేనేజర్ల పరిభాషకు అందరూ ఒప్పుకున్న నిఘంటువు లేదు. లినక్స్ వంటి వ్యవస్థల్లో తెర మీద విండోలను చూపే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో మొదలైంది, దాని 11వ వెర్షన్ 1987లో వచ్చింది. విండోల రూపురేఖలు, ప్రవర్తన ఎలా ఉండాలన్నది ఆ వ్యవస్థ తాను నిర్ణయించకుండా విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాముకు వదిలేసింది. ఆ స్వేచ్ఛ వల్లనే ఇన్ని విండో మేనేజర్లు పుట్టాయి, ఒక్కొక్కటి తన మాటలు తాను ఎంచుకుంది. కాబట్టి ఒకదాని మాన్యువల్‌లో నేర్చుకున్న అర్థాన్ని మరొకదానికి మోసుకుపోవడం మంచిది కాదు.

అడ్డం, నిలువు అనే మాటలనే తీసుకుందాం. ఐ3లో హారిజాంటల్ స్ప్లిట్ అంటే విండోలు పక్కపక్కన అమరుతాయి, ఎందుకంటే విండోల వరుస అడ్డంగా సాగుతుంది. విమ్ ఎడిటర్‌లో అదే మాటకు విండోలు ఒకదాని కింద ఒకటి అమరుతాయి, ఎందుకంటే వాటి మధ్య గీత అడ్డంగా ఉంటుంది. టెర్మినల్‌ను భాగాలుగా విభజించే టీమక్స్‌లో హెచ్ అనే ఆప్షన్ ఇస్తే ఐ3లో లాగా పక్కపక్కనే వస్తాయి. ఎవరి లెక్క వారిది, ఎవరిదీ తప్పు కాదు. ఒకరు విండోల వరుసను చూసి పేరు పెట్టారు, ఒకరు మధ్య గీతను చూసి పెట్టారు. ఈ మాట కనిపించినప్పుడల్లా ఆలోచిస్తూ కూర్చోవడం కన్నా, రెండు టెర్మినళ్లు తెరిచి చూడడం మేలు. పది సెకన్ల పని.

స్మార్ట్ అనే విలువ మరో ఉదాహరణ. ఐ3లో, ఏదైనా ప్రోగ్రాము తన విండోకు ఫోకస్ కావాలని అడిగినప్పుడు ఏం చేయాలన్న సెట్టింగుకు స్మార్ట్ అన్నదే డిఫాల్ట్. ఆ విండో ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న వర్క్‌స్పేస్‌లో ఉంటే ఫోకస్ ఇస్తుంది, లేకపోతే ఆ విండో మన కోసం ఎదురుచూస్తోందన్న గుర్తు మాత్రం పెడుతుంది. గ్నోమ్‌లో కొత్త విండోల ఫోకస్‌కు సంబంధించిన సెట్టింగులో కూడా స్మార్ట్ ఉంది. అక్కడ దాని అర్థం, మనం ఎంచుకున్న మామూలు ఫోకస్ పద్ధతినే పాటించు అని, దానికి జోడీ అయిన స్ట్రిక్ట్ అన్నది పెడితే టెర్మినల్ నుంచి మొదలుపెట్టిన విండోలకు ఫోకస్ రాదు. స్మార్ట్, ఆటో, నార్మల్ వంటి విలువలు ఏమీ చెప్పని మాటలు. పక్కనున్న మిగతా విలువలతో పోల్చి చూసినప్పుడే వాటికి అర్థం వస్తుంది.

డెస్క్‌టాప్, వర్క్‌స్పేస్, పేజీ, ట్యాగ్ అనే నాలుగూ ఒకటే అనిపిస్తాయి. ఎఫ్‌విడబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌లో ఒక డెస్క్‌ను పలు పేజీలుగా విభజించుకోవచ్చు, అంటే అవి రెండు వేర్వేరు స్థాయులు. డీడబ్ల్యూఎం అనే మరో విండో మేనేజర్‌లో ట్యాగ్ అనేది అసలు చోటు కాదు, విండోకు అంటించిన చీటీ. ఒకే విండోకు రెండు ట్యాగులు ఉండవచ్చు, రెండు ట్యాగుల విండోలను ఒకేసారి తెర మీదికి తెచ్చుకోవచ్చు. దీన్ని వర్క్‌స్పేస్ అనుకుని చదివేవారికి ఆ మాన్యువల్‌లో సగం వాక్యాలు వింతగా తోస్తాయి. అలాగే క్లయింట్ అన్నచోట అప్లికేషన్ లేదా దాని విండో అనీ, మ్యాప్ చేయడం అన్నచోట విండోను తెర మీద చూపడం అనీ చదువుకుంటే పాత ఎక్స్ రాతలు చాలావరకు దారికొస్తాయి.

కీబోర్డు విషయంలో మోడ్1, మోడ్4 అనే పేర్లు కొత్తవారిని ఆపేస్తాయి. మోడ్1 సాధారణంగా ఆల్ట్ కీ, మోడ్4 సాధారణంగా విండోస్ గుర్తున్న సూపర్ కీ, మోడ్2కు చాలాచోట్ల నమ్ లాక్ ఉంటుంది. ఎక్స్‌లో ఎక్స్‌మోడ్‌మ్యాప్ కమాండుకు పీఎం ఆప్షన్ ఇస్తే మీ కంప్యూటర్‌లో ఏది ఏదో పట్టీ వస్తుంది.

గుర్తులు, పేజీలు, వెర్షన్లు

మాన్యువల్ పేజీలలో వాడే గుర్తులకు మాత్రం స్థిరమైన అర్థాలే ఉన్నాయి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇవ్వకపోయినా పరవాలేదు. కోణపు బ్రాకెట్లలో ఉన్నదాని స్థానంలో మన విలువ రాయాలి, బ్రాకెట్లు రాయకూడదు. నిలువు గీత ఉంటే ఇటుది గాని అటుది గాని ఒక్కటే. అయితే ఐ3కి, దానిలాంటిదే అయిన స్వే అనే విండో మేనేజర్‌కు ఉండే కాన్ఫిగ్ ఫైళ్లలో, అంటే సెట్టింగుల ఫైళ్లలో, విండోను ఎంపిక చేసే షరతుల చుట్టూ నిజంగానే చదరపు బ్రాకెట్లు రాయాలి, కాబట్టి ఆ చోట అవి ఐచ్ఛికం అనే అర్థంలో లేవు. పక్కనే ఇచ్చిన ఉదాహరణను చూస్తే ఏది ఏదో తేలిపోతుంది.

విభాగం సంఖ్య కూడా ముఖ్యం. మాన్యువల్‌లో ఒకటో విభాగం కమాండులకు, అయిదో విభాగం ఫైళ్ల రూపానికి కేటాయించారు. స్వే గురించి మ్యాన్ కమాండుతో ఊరికే అడిగితే ఒకటో విభాగంలోని చిన్న పేజీ వస్తుంది; సెట్టింగులన్నీ ఉన్నది 5 అని సంఖ్య చేర్చి అడిగితే వచ్చే పేజీలో. ఆ పేజీ కమాండులను మూడు గుంపులుగా విడదీస్తుంది: కాన్ఫిగ్ ఫైలులో మాత్రమే రాయదగినవి, స్వే నడుస్తుండగా మాత్రమే ఇవ్వదగినవి, రెండు విధాలా పనిచేసేవి. ఆ గుంపు శీర్షికలను దాటేసి నేరుగా తమకు కావలసిన పేరు దగ్గరికి దూకేవారు, చక్కగా పనిచేసే కమాండును చెల్లని చోట రాసి, మాన్యువల్ తప్పు అంటారు. వెతికి దూకిన తరువాత ఒకసారి పైకి జరిగి, మనం ఏ శీర్షిక కింద ఉన్నామో చూసుకోవాలి.

ఇంటర్నెట్‌లో ఉన్న డాక్యుమెంటేషన్ చాలావరకు సరికొత్త వెర్షన్‌ది. మన కంప్యూటర్‌లోని మాన్యువల్ పేజీ మనం వాడుతున్న వెర్షన్‌ది. రెండూ ఒకదానికొకటి సరిపడకపోతే కంప్యూటర్‌లోనిదాన్నే నమ్మాలి. పాత వ్యాసాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. విండోల మధ్య ఖాళీ జాగా కావాలంటే ఐ3 గ్యాప్స్ అనే వేరే ప్రోగ్రామును పెట్టుకోవాలని చెప్పే వ్యాసాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. 2023 జనవరిలో వచ్చిన 4.22 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఐ3లోనే ఉంది.

దగ్గరి బంధువుల మధ్య తేడాలు ఇంకా మోసపుచ్చుతాయి. స్వే, ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్ అనే వ్యవస్థ మీద ఐ3 కాన్ఫిగ్‌ను అర్థం చేసుకునేలా తయారైనది, కాబట్టి ఐ3 యూజర్ గైడ్ చదివి స్వే వాడేవారు చాలామంది. కాని ఎగ్జెక్ ఆల్వేస్ అనే కమాండును ఐ3 రీస్టార్ట్ చేసినప్పుడు మళ్లీ నడుపుతుంది, స్వే అయితే కాన్ఫిగ్‌ను రీలోడ్ చేసిన ప్రతిసారీ నడుపుతుంది. పేరులోని 'ఆల్వేస్', అంటే 'ఎప్పుడూ', ఎప్పుడన్నది మాత్రం చెప్పదు.

చదివినదాన్ని పరీక్షించడం

మనం పూరించుకున్న అర్థం సరైనదో కాదో చెప్పగలిగేది తెర ఒక్కటే. అయితే పరీక్షను కూడా సరిగ్గా పెట్టుకోవాలి. ఐ3లో నో ఫోకస్ అనే సెట్టింగు ఉంది. మనం చెప్పిన రకం విండో తెరుచుకున్నప్పుడు దానికి ఫోకస్ ఇవ్వదు. దాన్ని రాసుకుని, గందరగోళం లేకుండా చూద్దామని ఖాళీ వర్క్‌స్పేస్‌కు వెళ్లి ఆ విండో తెరిచాను. ఫోకస్ దానికే వెళ్లింది. కాన్ఫిగ్‌లో అక్షరదోషాల కోసం వెతికాను, షరతును మూడు రకాలుగా తిరగరాశాను, ప్రతిసారీ అదే ఖాళీ వర్క్‌స్పేస్‌లో పరీక్షించాను. వర్క్‌స్పేస్‌లో మొదటి విండోకు ఈ సెట్టింగు వర్తించదని, లేకపోతే దానికి ఫోకస్ ఇచ్చే దారే ఉండదని యూజర్ గైడ్‌లో స్పష్టంగానే ఉంది, కాని నేను ఉదాహరణ చూసి కింది వాక్యం చదవకుండా వచ్చేశాను. శుభ్రంగా ఉండాలని ఎంచుకున్న చోటే మినహాయింపు వర్తించే చోటయింది.

కాబట్టి పరీక్షను ఒకటికి మించిన పరిస్థితుల్లో చేయాలి: ఖాళీగా ఉన్న వర్క్‌స్పేస్‌లో ఒకసారి, విండోలు ఉన్నదానిలో ఒకసారి, కొత్తగా తెరిచిన విండోతో ఒకసారి, ముందే ఉన్నదానితో ఒకసారి. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. వాడుకలో ఉన్న డెస్క్‌టాప్‌ను కదిలించడం ఇష్టం లేకపోతే, ఎక్స్‌లో జెఫిర్ అనే ప్రోగ్రాము ఒక విండో లోపల మరో ఎక్స్ సర్వర్‌ను నడుపుతుంది, దానిలో రెండో విండో మేనేజర్‌ను మొదలుపెట్టి ఎంతైనా పాడుచేసుకోవచ్చు. స్వే అయితే ఇప్పటికే నడుస్తున్న డెస్క్‌టాప్‌లో తానే ఒక విండోగా తెరుచుకుంటుంది.

పరీక్షకు ముందు, మనం మారుస్తున్న ఫైలునే ప్రోగ్రాము చదువుతోందా అన్నది తేల్చుకోవాలి. హోమ్ ఫోల్డర్‌లో రెండు చోట్ల ఫైలు ఉండి, మనం ఒకటి దిద్దుతుంటే అది మరొకటి చదువుతుండడం అరుదు కాదు. ఐ3కి మోర్ వెర్షన్ అనే ఆప్షన్ ఇస్తే, నడుస్తున్న ప్రోగ్రాము వెర్షన్‌తో పాటు అది లోడ్ చేసుకున్న కాన్ఫిగ్ ఫైలు ఎక్కడుందో, ఆ ఫైలు చివరిగా ఎప్పుడు మారిందో చెబుతుంది. ఐ3, స్వే రెండిటికీ పెద్ద సీ ఆప్షన్ ఇస్తే కాన్ఫిగ్‌లో తప్పులున్నాయేమో చూసి చెబుతాయి. ఇవేవీ లేని విండో మేనేజర్ అయితే ఫైలులో కావాలనే ఒక తప్పు రాసి రీలోడ్ చేయండి. ఏ ఫిర్యాదూ రాకపోతే ఆ ఫైలును అది చదవడం లేదేమోనని అనుమానించాలి.

ఒక్కో అప్లికేషన్‌కు నియమాలు రాసేటప్పుడు, డాక్యుమెంటేషన్‌లో క్లాస్, ఇన్‌స్టాన్స్, టైటిల్ అనే మాటలు వస్తాయి. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టి ఫైర్‌ఫాక్స్ విండో మీద క్లిక్ చేస్తే, డబ్ల్యూఎం క్లాస్ అన్న వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య రెండు పేర్లు వస్తాయి: మొదటిది నావిగేటర్, రెండోది ఫైర్‌ఫాక్స్. వరుస పేరు క్లాస్ అయినా అందులో మొదటిది ఇన్‌స్టాన్స్, రెండోదే క్లాస్. మొదటి పేరును తీసి క్లాస్ అన్నచోట రాసేవారి నియమం ఎన్నటికీ పనిచేయదు, తప్పు అని కూడా ఎవరూ చెప్పరు. పైగా ఐ3 ఈ పేర్లను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లుగా, అంటే పేరులో వెతికే అక్షరాల నమూనాలుగా, చదువుతుంది, కాబట్టి టర్మ్ అని మాత్రం రాస్తే పేరులో ఎక్కడైనా ఆ అక్షరాలున్న ప్రతి టెర్మినల్‌కూ ఆ నియమం అంటుకుంటుంది. మొదట టోపీ గుర్తు, చివర డాలర్ గుర్తు పెడితేనే పూర్తి పేరుతో సరిపోల్చుతుంది. స్వేలో, నేరుగా వేలాండ్ మీద నడిచే అప్లికేషన్లకు క్లాస్ ఉండదు, దాని బదులు యాప్ ఐడీ ఉంటుంది.

రాయని చోట

కొన్ని సెట్టింగులకు వివరణే ఉండదు, లేదా సెట్టింగు పేరునే వాక్యంగా సాగదీసి రాసి ఉంటుంది. అప్పుడు మొదట చూడవలసింది ప్రోగ్రాముతో వచ్చే డిఫాల్ట్ కాన్ఫిగ్ ఫైలు. మాన్యువల్ కన్నా అందులోని కామెంట్లే చాలాసార్లు నయం, ఎందుకంటే వాటిని పనిచేసే విలువ పక్కనే కూర్చుని రాశారు. గ్నోమ్‌లో ఫైలు లేదు గాని, జీసెట్టింగ్స్ కమాండుకు డిస్క్రైబ్ అని చెబితే వివరణ, రేంజ్ అని చెబితే రాయదగిన విలువలన్నీ వస్తాయి. రేంజ్ ఇచ్చే పట్టీ కొన్నిసార్లు వివరణకన్నా ఎక్కువ చెబుతుంది. ఫోకస్ మోడ్‌కు క్లిక్, స్లాపీ, మౌస్ అని మూడు విలువలు కనిపించగానే, చివరి రెంటికీ తేడా ఏమిటని అడగాలని తెలుస్తుంది: మౌస్ విండోను వదిలి ఖాళీ డెస్క్‌టాప్ మీదికి వెళ్లినప్పుడు మౌస్ మోడ్‌లో ఫోకస్ పోతుంది, స్లాపీలో ఆ విండో దగ్గరే ఉంటుంది.

అదీ కాకపోతే సోర్స్ కోడులో ఆ సెట్టింగు పేరును వెతకడమే. భయపడనక్కరలేదు, కోడు మొత్తం అర్థం కానక్కరలేదు. ఆ పేరు ఏ ఇఫ్ షరతులో కనిపిస్తోంది, ఆ షరతులో దానితో పాటు మరే పేరు ఉంది అన్నది చూస్తే చాలు, ఇందాక చెప్పుకున్న 'ఇతర నియమాలు' సాధారణంగా అక్కడే దొరుకుతాయి. డీడబ్ల్యూఎంలోనైతే సెట్టింగులు రాసేదే సీ భాషలోని ఒక హెడర్ ఫైలులో, మార్చిన ప్రతిసారీ కంపైల్ చేసుకోవాలి, కాబట్టి దాని వాడకందారులకు వేరే దారి కూడా లేదు.

తేల్చుకున్న అర్థాన్ని ఆ సెట్టింగు పైనే తెలుగులో కామెంటుగా రాసుకోండి, పరీక్షించిన వెర్షన్‌తో సహా. ఓపెన్‌బాక్స్ ఫైలులో నా కామెంటు ఇలా ఉంది: 'కదిలేది మౌస్ కాదు, దాని కింది విండో. విండో మూసినప్పుడు, వర్క్‌స్పేస్ మారినప్పుడు తెలుస్తుంది.' అది ఎక్స్ఎంఎల్ ఫైలు కాబట్టి కామెంటు లోపల రెండు హైఫన్లు వెంటవెంటనే రాయకూడదు, రాస్తే ఫైలు చెల్లదు. ఐ3లోనైతే కామెంటును విడి వరుసలో, హ్యాష్ గుర్తుతో మొదలుపెట్టాలి. సెట్టింగు చివర అదే వరుసలో రాస్తే అది కామెంటు కాదు, విలువలో భాగమవుతుంది.